ముత్తాత లండన్ చిరునామా: "షేక్స్పియరు హట్టు" ఎక్కడ? గ్రాఫ్టన్ స్ట్రీట్ ఏది?

గోదావరిగట్టు | ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా అమ్మ వాళ్ల తాతగారు, అంటే నాకు ముత్తాత, బారిస్టరీ చదవడానికి 1920లో కాకినాడ నుంచి లండన్ వెళ్లారు. 1923లో తిరిగొచ్చి కొన్నాళ్లు మద్రాసులో, తర్వాత కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు. పోయినేడు ఊళ్లో పాత ఇల్లు అమ్మేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలో ఆయన లండన్ నుంచి రాసిన ఉత్తరాలు మూడు దొరికాయి. కవర్లు లేవు. స్టాంపుల కోసం మా మేనమామలు చిన్నప్పుడే వాటి పని పట్టారట.

మొదటి ఉత్తరానికి తేదీ లేదు. పైన ఇంగ్లీషులో "21, క్రామ్‌వెల్ రోడ్, ఎస్.డబ్ల్యూ.7" అని ఉంది. రెండోది ఫిబ్రవరి 1921. చిరునామా తెలుగులోనే రాశారు: "షేక్స్పియరు హట్టు, లండను". అంతే. మూడోది నవంబరు 1922. ఒక నంబరు, "గ్రాఫ్టన్ స్ట్రీట్, డబ్ల్యూ.1". నంబరులో మొదటి అంకె మీద సిరా ఒలికింది, రెండోది 7 లాగా ఉంది.

డబ్బు తీసుకుని వంశ చరిత్రలు వెతికిపెట్టే ఒక సర్వీసుకు ఇచ్చాను. పేరు వద్దులెండి. ఎనిమిది వేలు తీసుకుని, గ్రాఫ్టన్ స్ట్రీట్ మేఫెయిర్‌లో ఉందని, ఇప్పుడక్కడ ఖరీదైన షాపులున్నాయని చెప్పి, నెట్‌లో దొరికే ఫొటో ఒకటి పంపారు. హట్టు గురించి "గుర్తించలేకపోయాం" అన్నారు. మా ఇంట్లో అయితే దాన్ని జోకే అనుకుంటారు. చలికి వణుకుతూ తన గదికి తనే గుడిసె అని పేరు పెట్టుకున్నారని.

ఇంకోటి. క్రామ్‌వెల్ ఇంట్లో ఆయన సావర్కర్‌తో కలిసి ఉన్నారని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ చెప్పుకుంటారు. అది నిజమేనా?

అమ్మకి 78. వచ్చే వేసవిలో చెల్లెలి దగ్గరికి లండన్ వెళ్తోంది. తాతగారున్న ఇంటి ముందు ఒకసారి నిలబడాలని ఆవిడ కోరిక.

---

కాకినాడకాజా | ఆదివారం, రాత్రి 9.40

మేఫెయిర్‌లో గది తీసుకున్నారంటే మీ ముత్తాత గారు మామూలు ప్లీడరు కాదండీ, జమీందారే. ఆ ట్రంకు పెట్టె అడుగున ఇంకేమైనా ఉందేమో సరిగ్గా చూశారా?

సరదాకి అన్నాను. మాదీ కాకినాడే. పెద్దవాళ్లు వస్తున్నారు, వాళ్లే చెప్తారు.

---

పాతకాగితం | ఆదివారం, రాత్రి 11.05

గోదావరిగట్టు గారూ, ముప్పై ఏళ్లు లైబ్రరీలో పని చేసినవాడిని, ఇప్పుడు చెన్నైలో రిటైరై కూర్చున్నాను. మీ మూడు చిరునామాల్లో రెండింటి సంగతి ఇప్పుడే చెప్పగలను.

ముందు సావర్కర్ కథ. అది కుదరదమ్మా. శ్యామ్‌జీ కృష్ణవర్మ 1905లో పెట్టిన ఇండియా హౌస్, అంటే సావర్కర్ ఉన్న విప్లవ విద్యార్థుల హాస్టలు, ఉన్నది ఉత్తర లండన్‌లో, హైగేట్‌లో, 65 క్రామ్‌వెల్ అవెన్యూలో. మీ ఉత్తరంలో ఉన్నది క్రామ్‌వెల్ రోడ్, సౌత్ కెన్సింగ్టన్‌లో. ఊరికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. పైగా 1910 కల్లా హైగేట్ ఇండియా హౌస్ కథ ముగిసింది. మీ ముత్తాత గారు ఓడ ఎక్కేది ఇంకో పదేళ్లకి.

తమాషా ఏమిటంటే 21 క్రామ్‌వెల్ రోడ్డుది దాదాపు తలకిందుల కథ. 1909 జూలై 1న మదన్‌లాల్ ధింగ్రా బ్రిటిష్ అధికారి కర్జన్ వైలీని కాల్చి చంపాక భారతీయ విద్యార్థుల మీద ప్రభుత్వానికి భయం పట్టుకుంది. వాళ్లకి సలహాలివ్వడానికని పెట్టిన విద్యార్థుల బ్యూరో, నేషనల్ ఇండియన్ అసోసియేషన్, నార్త్‌బ్రూక్ సొసైటీ 1910లో ఒకే కప్పు కిందికి వచ్చాయి. ఆ కప్పే 21 క్రామ్‌వెల్ రోడ్. పైన దిగడానికి గదులు. సలహా పేరుతో నిఘా పెడుతున్నారని చాలామంది కుర్రాళ్లు ఆ ఇంటిని అనుమానంగానే చూసేవారు. అయినా ఓడ దిగినవాడికి మొదటి నాలుగు రోజులు తల దాచుకోవడానికి అదే దిక్కు. 1914 ఏప్రిల్‌లో రామానుజన్ లండన్ చేరినప్పుడు రేవు నుంచి నేరుగా తీసుకెళ్లింది ఆ ఇంటికే. ఆ తర్వాతే కేంబ్రిడ్జి.

మీ ఉత్తరంలో "ఎస్.డబ్ల్యూ.7" అని 7 స్పష్టంగా ఉందా? ఉంటే తేదీ లేకపోయినా ఒక హద్దు దొరికినట్టే. లండన్ పోస్టల్ జిల్లాలు 1857-58 నాటివి. అప్పట్లో ఉత్త అక్షరాలే: ఎన్.డబ్ల్యూ., డబ్ల్యూ.సి. అలా. పక్కన అంకె చేర్చింది 1917లో. కాబట్టి అది 1917కి ముందు రాసింది కాదు.

హట్టు సంగతి రేపు. కళ్లు మూతలు పడుతున్నాయి.

---

గోదావరిగట్టు | సోమవారం, ఉదయం 7.20

7 స్పష్టంగా ఉందండీ. సావర్కర్ సంగతి అమ్మకి ఎలా చెప్పాలో తెలియడం లేదు :( రామానుజన్ దిగిన ఇల్లే అని చెప్తాను, కొంత సర్దుకుంటుంది. హట్టు గురించి ఎదురుచూస్తున్నాను.

---

థేమ్స్‌తీరం | సోమవారం, మధ్యాహ్నం 1.15

లండన్ నుంచి. పాతకాగితం గారి కంటే ముందు చెప్పేస్తున్నందుకు క్షమించాలి, ఆపుకోలేకపోతున్నాను. షేక్స్పియర్ హట్ జోకు కాదండీ. నిజంగానే ఆ పేరుతో ఒక కట్టడం ఉండేది!

షేక్స్పియర్ చనిపోయి 300 ఏళ్లయిన సందర్భంగా జాతీయ థియేటరు కట్టాలని బ్లూమ్స్‌బరీలో స్థలం కొన్నారు. ఈలోపు మొదటి ప్రపంచ యుద్ధం. ఖాళీ స్థలంలో 1916లో వైఎంసీఏ వాళ్లు సైనికుల కోసం, ముఖ్యంగా న్యూజిలాండ్ వాళ్ల కోసం, పెద్ద తాత్కాలిక వసతి గృహం కట్టారు. నాటకాలాడే హాలు కూడా ఉండేది. అదే షేక్స్పియర్ హట్. యుద్ధం అయ్యాక 1920 ప్రాంతంలో అందులోకి వచ్చింది ఎవరనుకున్నారు? వైఎంసీఏ నాయకుడు కె.టి. పాల్ పూనికతో మొదలైన ఇండియన్ వైఎంసీఏ, మన విద్యార్థుల హాస్టల్‌తో సహా. 1923లో వాళ్లు అక్కడికి దగ్గర్లోనే 112 గోవర్ స్ట్రీట్‌కి మారారు. హట్‌ని కూల్చేశారు.

కాబట్టి ఫిబ్రవరి 1921లో ఒక కాకినాడ కుర్రాడు "షేక్స్పియరు హట్టు, లండను" అని రాస్తే పోస్టుమేన్‌కి అర్థమయ్యేదే. గోవర్ స్ట్రీట్, కెప్పెల్ స్ట్రీట్ కలిసే మూల అది. ఇప్పుడక్కడ లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ ఉంది, 1929లో తెరిచిన భవనం. నేను రోజూ బస్సులో దాని ముందు నుంచే ఆఫీసుకి వెళ్తాను. ఒళ్లు జలదరించింది నిజంగా.

---

కాకినాడకాజా | సోమవారం, మధ్యాహ్నం 1.31

అయితే వందేళ్లుగా ఆయన నిజం చెప్తుంటే ఇంట్లో అందరూ జోకు అనుకున్నారన్నమాట. పాపం.

---

పాతకాగితం | సోమవారం, సాయంత్రం 6.50

థేమ్స్‌తీరం బాబూ, నా పిండివంట నువ్వు వడ్డించేశావు. పర్లేదు, బాగా చెప్పావు.

ఇక గ్రాఫ్టన్ స్ట్రీట్. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ సర్వీసు వాళ్లు ఇవాళ్టి మ్యాపులో పేరు కొట్టారు, వచ్చింది ఇచ్చారు. లండన్‌లో అలా చేయకూడదు. అక్కడ ఒకే పేరుతో వీధులు డజన్ల కొద్దీ ఉండేవి. ఉత్తరాలు ఒకచోటికి పోవాల్సినవి ఇంకోచోటికి పోయేవి. 1855లో మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ వచ్చాక పేర్లు, నంబర్లు మార్చడం మొదలైంది. 1889లో వచ్చిన లండన్ కౌంటీ కౌన్సిల్ ఆ పని కొనసాగించింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, 1930ల రెండో సగంలో, ఒక్క ఊపున వందల వీధుల పేర్లు మార్చేశారు. అందుకని 1922 నాటి చిరునామాని ఇవాళ్టి మ్యాపులో వెతకడమంటే మునిమనవడి ఆధార్ కార్డులో ముత్తాత ఫొటో కోసం చూడటమే.

ఒక్క ఉదాహరణ. డార్విన్ పెళ్లి చేసుకుని కాపురం పెట్టిన ఇల్లు 12 అప్పర్ గోవర్ స్ట్రీట్. తర్వాత "అప్పర్" పోయి వీధంతా ఒకటే గోవర్ స్ట్రీట్ అయింది, నంబర్లు మళ్లీ వేశారు, ఆ ఇల్లు 110 అయింది. ఆ 110 కూడా 1941 బాంబుదాడిలో పోయింది. ఇప్పుడక్కడ యూనివర్సిటీ కాలేజీ భవనం. పన్నెండో నంబరు ఇల్లు చూద్దామని ఇవాళ గోవర్ స్ట్రీట్‌కి వెళ్లినవాడు తప్పు ఇంటి ముందు ఫొటో దిగి వస్తాడు.

మన చెన్నైలో ప్రతి గేటు మీదా "పాత నెం., కొత్త నెం." అని రెండూ రాస్తారు కదా. లండన్ వాళ్లకి ఆ మర్యాద లేదు.

మీ దానికి వస్తే, 1922లో డబ్ల్యూ.1లోనే రెండు గ్రాఫ్టన్ స్ట్రీట్‌లు ఉండేవి. ఒకటి మేఫెయిర్‌ది, బాండ్ స్ట్రీట్ పక్కన, ఇప్పటికీ అదే పేరు. రెండోది ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ పక్కన. రెండు పేర్లూ గ్రాఫ్టన్ డ్యూకుల కుటుంబం నుంచి వచ్చినవే, ఫిట్జ్‌రాయ్ కూడా వాళ్ల ఇంటిపేరే. ఆ రెండోదాన్ని 1930ల చివర్లో "గ్రాఫ్టన్ వే" చేశారు. మేఫెయిర్‌లో బారిస్టరీ విద్యార్థి గది తీసుకోవడం జరగకూడదని కాదు గానీ, నాకు నమ్మకం లేదు. మూడో ఉత్తరంలో లోపల ఏముంది? ఎంత చిన్న మాటైనా సరే రాయండి.

---

గోదావరిగట్టు | సోమవారం, రాత్రి 10.02

అయ్యో, లోపలి సంగతులు పనికిరావనుకున్నానండీ. ఎక్కువగా డబ్బు గొడవలే. మణియార్డరు ఆలస్యమైంది, కోటు కుట్టించుకోవాలి, అలా. ఈ రెండు వాక్యాలు చూడండి, ఆయన రాసినట్టే:

"ఇంటావిడ మంచిదే గాని బొగ్గు ఖరీదు వేరుగా కట్టుచున్నది. టాటెనుహాము కోర్టు రోడ్డున మోటారు బస్సుల రొదకు తెల్లవారుజామున నిద్ర పట్టుట లేదు."

ఇంటావిడ పేరు కూడా ఉంది. ఇక్కడ రాయొచ్చా?

---

పాతకాగితం | సోమవారం, రాత్రి 10.15

ఇంకేం కావాలమ్మా! టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు బస్సుల చప్పుడు మేఫెయిర్‌కి వినిపించదు. ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ దగ్గరి గ్రాఫ్టన్ స్ట్రీట్ ఒక చివర తగిలేది ఆ రోడ్డుకే. ఎనిమిది వేలు పెట్టి మీరు కొన్న సమాధానం ఇంట్లో ఉత్తరంలోనే ఉంది.

---

నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 10.30

ఇంటావిడ పేరు, చివరికి తేలే ఇంటి నంబరు ఇక్కడ పెట్టకండి. అవతల ఆవిడ మనవలు ఉంటారు, ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో కాపురం ఉంటారు. ప్రైవేటు మెసేజ్‌లో పంపుకోండి. చర్చ మాత్రం ఆపొద్దు, నేనూ చదువుతున్నాను.

---

థేమ్స్‌తీరం | మంగళవారం, ఉదయం 11.48

వీధి తేలింది, నంబరు మిగిలింది. పాతకాగితం గారూ, కెల్లీస్ డైరెక్టరీలేనా దారి?

---

పాతకాగితం | మంగళవారం, మధ్యాహ్నం 3.20

అవును బాబూ. పోస్టాఫీస్ లండన్ డైరెక్టరీ అనేవారు, కెల్లీస్ వాళ్లు ఏటా వేసేవారు, ఇటుకరాయంత లావు. అందులో వీధుల విభాగం చూడాలి. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తున్నట్టే ఉంటుంది. నంబరు, అందులో ఉన్నవాళ్ల పేరు, వృత్తి, మధ్యలో "ఇక్కడ ఫలానా వీధి" అని అడ్డవీధుల పేర్లు. ఈ అడ్డవీధులే మనకి మైలురాళ్లు. నంబర్లు మారతాయి, పేర్లు మారతాయి, మూల మీది సారాయి కొట్టు, అడ్డవీధి మాత్రం కదలవు. పేరు మారకముందు సంవత్సరం పుస్తకం ఒకటి, మారిన తర్వాతది ఒకటి పక్కపక్కన పెట్టి, ఆ మైలురాళ్ల మధ్య ఇళ్లు లెక్కపెట్టుకుంటూ పోతే పాత నంబరుకి కొత్త నంబరు దొరుకుతుంది.

రెండు జాగ్రత్తలు. అందులో ఇంటి యజమాని పేరో, అద్దెకి ఇచ్చే ఆవిడ పేరో ఉంటుంది తప్ప, గదిలో ఉండే కుర్రాడి పేరు ఉండదు. మీ ముత్తాత గారి పేరు కోసం వెతికితే నిరాశే, ఇంటావిడ పేరు చూడాలి. ఇక రెండోది, 1923 అని వేసిన పుస్తకంలో ఉండేది 1922 చివర్లో సేకరించిన వివరాలు. నవంబరు 1922 ఉత్తరానికి చూడాల్సింది 1923 పుస్తకం.

ఈ వీధిలో నంబర్లు ఎంత తిరగబడ్డాయో చెప్తాను. వెనెజ్వేలా విప్లవకారుడు ఫ్రాన్సిస్కో దె మిరాందా 1800ల్లో ఉన్న ఇల్లు ఇదే వీధిలోది. అప్పుడది 27 గ్రాఫ్టన్ స్ట్రీట్, ఇప్పుడు 58 గ్రాఫ్టన్ వే. అమ్మా, మీ సిరా మరకలో ఉన్నది 7 కదా, దాన్ని చూసి 27 అనుకుని మిరాందా ఇంటి ముందు నిలబడేరు! 1922లో వాడుకలో ఉన్న నంబరు ఏదో ఆ 1923 పుస్తకంలోనే చూడాలి.

కొన్ని సంవత్సరాల పుస్తకాలు లెస్టర్ యూనివర్సిటీ వాళ్లు నెట్‌లో ఉచితంగా పెట్టారు. వరుసగా కావాలంటే మాత్రం క్లర్కెన్‌వెల్‌లో ఉన్న లండన్ ఆర్కైవ్స్‌కి వెళ్లాలి, 40 నార్తాంప్టన్ రోడ్. మొన్న 2024 దాకా దాని పేరు లండన్ మెట్రోపాలిటన్ ఆర్కైవ్స్. చూశారా, వీధుల పేర్లు దాచిపెట్టే వాళ్ల పేరే మారిపోయింది.

---

డాక్టరమ్మ | మంగళవారం, రాత్రి 11.30

నైట్ డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. ఇప్పుడు లీడ్స్‌లో ఉన్నాను గానీ, గ్రాఫ్టన్ వే నాకు బాగా తెలుసు, యూసీఎల్ (యూనివర్సిటీ కాలేజీ) ఆస్పత్రిలో రెండేళ్లు చేశాను. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డుకి తూర్పు వైపంతా ఇప్పుడు ఆస్పత్రి భవనాలే, కేన్సర్‌కి ప్రోటాన్ చికిత్స చేసే కొత్త బిల్డింగుతో సహా. పడమటి వైపు, స్క్వేర్ వైపు, పాత ఇళ్లు ఇంకా ఉన్నాయి. మీ ఇల్లు అటు ఉండాలని మొక్కుకోండి.

సెన్సస్ చూశారా ఎవరైనా? మా మామగారి తాత గురించి వెతికినప్పుడు 1921 సెన్సస్‌లోనే దొరికారు.

---

పాతకాగితం | బుధవారం, ఉదయం 8.10

డాక్టరమ్మ గారు సరిగ్గా పట్టుకున్నారు. 1921 దొరక్కపోతే ఆ కాలానికి వేరే సెన్సస్ దిక్కులేదు. 1931ది 1942లో అగ్నిప్రమాదంలో మొత్తం కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల అసలు తీయలేదు. 1939 సెప్టెంబరులో తీసిన రిజిస్టరు ఒకటుంది, అప్పటికి మీ ముత్తాత గారు కాకినాడలో ఉన్నారు.

1921 సెన్సస్ రాత్రి జూన్ 19. ఏప్రిల్‌లో జరగాల్సింది, సమ్మెల వల్ల వెనక్కి జరిగింది. వందేళ్లు మూసిపెట్టి 2022 జనవరిలో వంశ చరిత్రల వెబ్‌సైటు ఫైండ్‌మైపాస్ట్‌లో పెట్టారు. లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్తే ఉచితంగా చూడొచ్చు.

మన పేర్లతోనే చిక్కు. మనకి ఇంటిపేరు ముందు, వాళ్లకి చివర. ఫారం నింపింది ఇంటావిడ అయితే చివరున్న ముక్కే ఇంటిపేరు అయిపోతుంది. రావు, మూర్తి, శాస్త్రి, పంతులు, ఏదైనా సరే. స్పెల్లింగు ఆ కాలానిది, రావుని "రో" అని చదివేలా కూడా రాసేవారు. పైగా చేతిరాతని కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లు మన పేర్లు ఎప్పుడూ విని ఉండరు. అందుకని నేను పేరు వదిలేసి, పుట్టిన ఊరితో వెతుకుతాను. అదీ ఇప్పటి స్పెల్లింగు కాదు, కంపెనీ కాలపు స్పెల్లింగు: కొకనాడా, మసూలిపటం, విజగపటం, ఎల్లోర్, బెజవాడ. ఊరు పడకపోతే "మద్రాస్" లేదా ఉత్త "ఇండియా" వేసి, సెయింట్ పాంక్రాస్ పరిధి అని కుదించండి. ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ అప్పట్లో సెయింట్ పాంక్రాస్ బరోలోది, 1965 నుంచి కామ్డెన్. మేఫెయిర్ వెస్ట్‌మినిస్టర్‌ది. పరిధి చూస్తేనే ఏ గ్రాఫ్టనో తెలిసిపోతుంది.

ఫారం దొరికితే దాని మీది షెడ్యూలు నంబరుని ఇంటి నంబరు అనుకోకండి. అందరూ చేసే తప్పు అదే. అది లెక్కరాసేవాడి వరుస సంఖ్య.

---

కాకినాడకాజా | బుధవారం, ఉదయం 9.00

ఒక సందేహం. ఓడ టికెట్ల లిస్టులు ఉండవా? మా తాత రంగూన్ వెళ్లిన లిస్టు కోసం వెతుకుతున్నా నేను.

---

పాతకాగితం | బుధవారం, ఉదయం 9.45

బ్రిటన్‌కి వచ్చిన ఓడలవి 1878 నుంచి 1960 దాకా, వెళ్లినవి 1890 నుంచి 1960 దాకా ఉన్నాయి. ఆ నేషనల్ ఆర్కైవ్స్‌లోనే బీటీ 26, బీటీ 27 అనే వరుసలు. కానీ మనవాళ్లు చాలామంది బొంబాయిలో పి అండ్ ఓ కంపెనీ ఓడ ఎక్కి మార్సేల్స్‌లో దిగిపోయి, ఫ్రాన్స్ మీదుగా రైల్లో లండన్ చేరేవారు. కొన్ని రోజులు కలిసొస్తాయి, బిస్కే అఖాతంలో వాంతులు తప్పుతాయి. అలా వచ్చినవాళ్లు లండన్‌లో దిగిన లిస్టులో ఉండరు. తిరుగు ప్రయాణం లిస్టు మేలు, అందులో బ్రిటన్‌లో చివరగా ఉన్న చిరునామా రాసేవారు. రంగూన్‌కి మద్రాసు, కాకినాడ రేవుల నుంచి వెళ్లినవాళ్లు ఈ లిస్టుల్లో రారు. దానికి వేరే దారం పెట్టు, అక్కడ మాట్లాడుకుందాం.

గోదావరిగట్టు గారికి ఇంకో దారి కూడా ఉంది. బారిస్టరు కావాలంటే బారిస్టర్ల సంఘాలైన నాలుగు ఇన్‌లలో ఒకదానిలో చేరాలి: లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్. చేరిక రిజిస్టరులో తండ్రి పేరు, ఆయన వృత్తి ఉంటాయి. పరీక్షలు ఒక ఎత్తు, ఆ ఇన్‌లో పన్నెండు టర్ములు కూర్చుని విందు భోజనాలు చేయడం ఇంకో ఎత్తు. ఆ భోజనాలు చేయనిదే పట్టా లేదు. మడి కట్టుకుని ఇంట్లో భోంచేసే పిల్లాడికి పరీక్ష కంటే అదే కష్టమై ఉంటుంది! అదే 1921-22లో అంబేడ్కర్ గారు గ్రేస్ ఇన్ విద్యార్థి. ఆయన ఉన్న 10 కింగ్ హెన్రీస్ రోడ్ ఇల్లు ఇప్పుడు స్మారకం. మీ అమ్మగారు వెళ్లినప్పుడు అదీ చూపించండి.

---

గోదావరిగట్టు | గురువారం, రాత్రి 11.58

దొరికారు!!

చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. రెండు రాత్రులు కూర్చున్నాను. ఇంటిపేరుతో లేరు, అసలు పేరుతో లేరు. చివరికి పాతకాగితం గారు చెప్పినట్టు "కొకనాడా", సెయింట్ పాంక్రాస్ అని కొడితే ఒకే ఒక్కడు వచ్చాడు. ఇంటిపేరు "నూర్తి"! మూర్తిలో మొదటి అక్షరం ఎక్కించినవాళ్లకి వేరేలా కనిపించింది. బోర్డరు (అద్దెకుండేవాడు), విద్యార్థి, న్యాయశాస్త్రం. ఇంటి పెద్దగా ఉన్నావిడ పేరు ఉత్తరంలో ఉన్న పేరే. అంటే జూన్ 1921 కల్లా హట్టు వదిలి ఆవిడ ఇంటికి వచ్చేశారు. నంబరు ఫారం మీద శుభ్రంగా ఉంది, సిరా మరక లేకుండా.

ఇంకా ఉంది. వయసు ఏళ్లలోనే కాదు, నెలలతో సహా రాయించారు: 24 ఏళ్ల 3 నెలలు. మాకు ఆయన పుట్టినరోజు ఇంగ్లీషు తేదీ ఇంతవరకూ తెలియదు. అమ్మమ్మ ఎప్పుడూ "మా నాన్న దుర్ముఖి నామ సంవత్సరం ఫాల్గుణంలో పుట్టాడు" అనేది. లెక్క చూస్తే జూన్ 1921 నుంచి 24 ఏళ్ల 3 నెలలు వెనక్కి వెళ్తే మార్చి 1897. నెట్‌లో పంచాంగం తీశాను. 1897 మార్చి దుర్ముఖి ఫాల్గుణమే! ఏప్రిల్ మొదట్లో ఉగాది, అక్కడి నుంచి హేవిళంబి. ఇక అనుమానం లేదు, ఆయనే.

---

పాతకాగితం | శుక్రవారం, ఉదయం 6.05

అమ్మమ్మ చెప్పిన తెలుగు నెలనీ లండన్ సెన్సస్‌నీ కలిపి సరిచూసినవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు. సంతోషంగా ఉందమ్మా. ఉదయం కాఫీ ఇవాళ ఇంకో గ్లాసు ఎక్కువ తాగాను.

---

థేమ్స్‌తీరం | శుక్రవారం, మధ్యాహ్నం 12.40

నంబరు మెసేజ్‌లో అందింది. రేపు శనివారం, కానీ ఆర్కైవ్స్ ప్రతి శనివారం తెరవరు, చూసుకుని వెళ్తాను. డైరెక్టరీలతో పాటు బాంబు మ్యాపులు కూడా చూస్తాను. యుద్ధంలో ఏ ఇంటికి ఎంత దెబ్బ తగిలిందో కౌంటీ కౌన్సిల్ వాళ్లు ఇంటింటికీ రంగులేశారు. నలుపు అంటే నేలమట్టం, ఊదా అంటే బాగుచేయలేనిది, పసుపు అంటే చిన్న దెబ్బ. ఈ చుట్టుపక్కల దెబ్బలు బాగానే తగిలాయి. 112 గోవర్ స్ట్రీట్‌లోని ఇండియన్ వైఎంసీఏ కూడా బాంబు పడే పోయింది. తర్వాత 1950ల్లో కట్టుకున్నదే 41 ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లో ఇప్పుడున్నది. అంటే మీ ముత్తాత గారు విడిచిపెట్టిన హాస్టలు, కూతవేటు దూరంలో ఆయన వీధి దగ్గరికే వచ్చి చేరింది.

---

థేమ్స్‌తీరం | తర్వాతి వారం, గురువారం, రాత్రి 8.25

ఇవాళ సెలవు పెట్టి వెళ్లొచ్చాను.

1923 డైరెక్టరీలో ఆ నంబరు దగ్గర ఇంటావిడ పేరు, పక్కన "అపార్ట్‌మెంట్స్" అని ఉంది. గదులు అద్దెకిచ్చేవాళ్ల పేరు పక్కన అలా వేసేవారట. తర్వాత పేరు మారకముందు పుస్తకం, మారాక పుస్తకం తీసుకుని, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు మూల నుంచి విట్‌ఫీల్డ్ స్ట్రీట్ దాటి, ఒక్కో ఇల్లూ లెక్కపెట్టాను. మధ్యలో ఒకసారి లెక్క తప్పి మళ్లీ మొదటికి. ఎందుకైనా మంచిదని 1950ల నాటి పెద్ద ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపుతో కూడా సరిచూశాను, వాటి మీద ఇంటి నంబర్లు ఉంటాయి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు, స్కాట్లండ్ అనగానే లండన్ వాళ్లెవరూ అటు వెళ్లరు. రెండూ ఒకే ఇంటిని చూపిస్తున్నాయి. ఇప్పటి నంబరు మీకు విడిగా పంపాను.

బాంబు మ్యాపులో ఆ ఇంటికి రంగు లేదు. పడమటి వైపే ఉంది. సాయంత్రం నడుచుకుంటూ వెళ్లి చూశాను. ఉంది! ఇటుక గోడ, నల్ల ఇనుప రెయిలింగు, కింద కిటికీకి తెల్ల రంగు. ఫొటోలు ఈమెయిల్ చేశాను. బస్సుల చప్పుడు ఇప్పటికీ వినిపిస్తోంది.

---

డాక్టరమ్మ | గురువారం, రాత్రి 9.10

నేను రెండేళ్లు దాని ముందు నుంచే టీ తాగడానికి వెళ్లేదాన్నేమో!

---

కాకినాడకాజా | గురువారం, రాత్రి 9.14

ఆ సర్వీసు వాళ్లని ఎనిమిది వేలు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే థేమ్స్‌తీరం గారికి కాజాలు నేను పంపిస్తా, కోటయ్య కాజాలే.

---

గోదావరిగట్టు | శుక్రవారం, ఉదయం 7.45

ఏం రాయాలో తెలియడం లేదండీ. సెలవు పెట్టి మరీ వెళ్లారు. రాత్రి ఫొటోలు టీవీలో పెద్దవి చేసి అమ్మకి చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇందులో ఏ కిటికీ?" అంది. ఉత్తరంలో "మూడు మెట్ల వరుసలెక్కి నా గది, వీధి వైపు" అని ఉంది. అక్కడ కింది అంతస్తుని లెక్కలో వేసుకోరు కదా, అయితే అది పై వరుసేనా? ఫొటోలో పై వరుస చెట్టుకొమ్మ అడ్డమొచ్చి సగమే కనిపిస్తోంది.

---

థేమ్స్‌తీరం | శుక్రవారం, మధ్యాహ్నం 1.05

పై వరుసేనండీ. అక్కడ రెండు కిటికీలే ఉన్నాయి. ఆదివారం మళ్లీ వెళ్తాను, ఈసారి అవతలి ఫుట్‌పాత్ మీంచి తీస్తాను.